ముప్ఫైనాలుగో నంబరు కారు

మా తమ్ముడి కొడుక్కి ఆరేళ్ళు. పుట్టిందీ పెరుగుతున్నదీ అమెరికాలో, ఉత్తర కెరొలినా రాష్ట్రంలోని షార్లెట్ నగరంలో. మొన్న వేసవి సెలవుల్లో తమ్ముడు అమ్మనూ నన్నూ అక్కడికి రప్పించుకొన్నాడు. "వాడికి నాలుగు తెలుగు ముక్కలు నేర్పి వెళ్ళన్నయ్యా" అన్నాడు. తెలుగు మేష్టరుకు అంతకంటె ఏం కావాలి! పెద్ద బాలశిక్ష పెట్టెలో పెట్టుకొని మరీ వెళ్ళాను.

వాడు నన్ను చూడగానే వేసిన మొదటి ప్రశ్న: "పెదనాన్నా, నీ కారు నంబరెంత?"

మన పిల్లలకు క్రికెట్ ఎలాంటిదో, వాడికి స్టాక్ కార్ల పందాలు అలాంటివి. స్టాక్ కారంటే అంగట్లో అమ్మే మామూలు కారే. అక్కడ మద్యనిషేధం ఉన్న రోజుల్లో దొంగసారా చేరవేసే కుర్రాళ్ళు పోలీసులకు దొరక్కుండా తప్పించుకోవడానికి తమ కార్లకు వేగం పెంచుకొనేవారట. ఎవరి కారు గొప్పదో తేల్చుకోవాలిగా మరి! మట్టి బాటల మీద పందాలు మొదలైనాయి. 1948లో 'నాస్కార్' సంస్థ ఏర్పడి వాటికి కట్టుబాట్లు తెచ్చింది. 1949లో ఆ సంస్థ జరిపిన మామూలు కార్ల తొలి పందెం షార్లెట్‌లోనే. ఇప్పటి పందెపు కార్లకు అంగటి కార్లతో పోలిక పైరూపం వరకే.

ఆదివారం టీవీలో పందెం చూసి అమ్మ, "ఇదేం పందెంరా, గానుగెద్దులా ఒక్కచోటే తిరగడం!" అన్నది.

"కాదు నాయనమ్మా! ముందు కారు వెనకాలే అంటిపెట్టుకొని పోతే గాలి అడ్డు తగలదు. అదను చూసి దాటెయ్యాలి" అన్నాడు వాడు. మూడో ఆదివారానికల్లా, "ఆ పచ్చకారు వాడికి టైర్లు మార్చరేమర్రా?" అని అమ్మే ఆరాటపడటం మొదలుపెట్టింది.

నా బాలశిక్ష మాత్రం పెట్టెలోంచి పైకి రాలేదు. బొమ్మకార్లకు చీటీలు అంటించి, వాటితోనే అంకెలు చెప్పాను. 43 రిచర్డ్ పెట్టీ కారు నంబరు. 200 పందాలు గెలిచిన మహానుభావుడు. 'నలభైమూడు' అనమంటే వాడు 'ముప్ఫైనాలుగు' అన్నాడు. తిరగేశాడు, అంతే. మళ్ళీ వాడే, "అయితే 34 ఎవరిది?" అన్నాడు.

వెతికి చూశాను. వెండెల్ స్కాట్ అనే ఆయనది. నీగ్రో జాతివాడు. తన కారు తానే బాగుచేసుకొనేవాడు. 1963 డిసెంబరు 1న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో, ఇంకా 25 చుట్లు ఉన్నాయనగా, కారు దెబ్బతిని మందగించిన పెట్టీని దాటిపోయి గెలిచాడు. జెండా మాత్రం ఆయనకు ఊపలేదు. ఇంకొకాయన్ని విజేతగా ప్రకటించి కప్పు చేతికిచ్చారు. జనమంతా వెళ్ళిపోయిన తరవాత, లెక్క తప్పిందని స్కాటే గెలిచినట్టు ఒప్పుకొన్నారు. కప్పు ఇవ్వలేదు.

"ఎందుకివ్వలేదు?"

మరదలు వెనకనుంచి వద్దన్నట్టు సైగ చేస్తున్నది. క్లాసు నిండా విద్యార్థులుంటే దేనికైనా జవాబు చెప్పే నాకు నోట మాట రాలేదు. చివరికి, "ఆయన ఒళ్ళు నల్లగా ఉన్నదని" అన్నాను.

వాడు తన చెయ్యి చూసుకొన్నాడు. తరవాత నా చెయ్యి చూశాడు.

"ఇప్పుడైనా ఇచ్చారా?"

"2021లో వాళ్ళ ఇంటివాళ్ళకు ఇచ్చార్రా."

"ఆయన చూశాడా?"

స్కాట్ 1990లోనే పోయాడు. ఆ మాట చెప్పాను. మరదలు మంచినీళ్ళ వంకతో లోపలికి వెళ్ళిపోయింది. వాడు ఇంకేమీ అడగలేదు. అన్నం మాత్రం సరిగ్గా తినలేదు. ఆ రాత్రి చాలాసేపు నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు పొద్దున్న అమ్మ మజ్జిగ గ్లాసు కనబడలేదు. ఇండియా నుంచి తెచ్చుకొన్న స్టీలు గ్లాసు. అది లేనిదే ఆవిడకు మజ్జిగ దిగదు. ఇల్లంతా వెతికాము. వాడి గదిలో కిటికీ గట్టు మీద, 34 చీటీ అంటించిన నీలం కారు ముందు నిలబెట్టి ఉన్నది.

అమ్మ చూసి, "పోనీలే, ఇంకో గ్లాసియ్యి" అన్నది.