కల్లెడ బాలిక పరుగు



ఆడుపిల్ల పరుగెత్తినచో పెద్దలు మందలించుట మనమెఱిగినదే. "మెల్లగా నడువుము" అను మాట వినక పెరిగిన బాలిక మన యిండ్లలో నరుదు. ఈ భయము మన దేశమునకే పరిమితము కాదు. 1928లో ఆంస్టర్డాం ఒలింపిక్కులలో స్త్రీలు 800 మీటర్లు పరుగెత్తిరి. వారి శరీరములకది తగదని తలచి, 1960 వఱకు ఆ పందెమును మరల పెట్టలేదు. 400 మీటర్ల పందెము స్త్రీలకు 1964లో, టోక్యోలో గాని లభింపలేదు. ఆ దూరము, అనగా క్రీడారంగమున ఒక చుట్టు, పరుగెత్తియే మన తెలుగుబిడ్డ యొకతె లోకమును మెప్పించినది.

ఆమె పేరు జీవాంజి దీప్తి. 2003 సెప్టెంబరు 27న జన్మించెను. వరంగల్లు ప్రాంతమందలి కల్లెడ ఆమె గ్రామము. తలిదండ్రులు యాదగిరి, ధనలక్ష్మి కూలిపని చేసి జీవించువారు. దీప్తికి పుట్టుకతోనే బుద్ధివికాసము కొఱతపడినది. ఊరివారు ఆమె రూపమును జూచి వెక్కిరించిరి. అనాథాశ్రమమున విడువుడని చెప్పినవారును గలరు. తల్లి యామాట చెవిని బెట్టలేదు. ఏడ్చుచు వచ్చిన బిడ్డకు తీపియన్నము వండిపెట్టి ఓదార్చెడిది. తాత గతించిన పిదప బ్రతుకు గడచుటకై ఉన్న భూమిని సైతము అమ్ముకొనవలసి వచ్చెను.

దీప్తి పరుగును జూచి, శిక్షకులు నాగపురి రమేశ్ గారు ఆమెను హైదరాబాదునకు పంపుడని కోరిరి. బస్సు కర్చులకైనను ఆ యింట పైకము లేదు. అయినను ఆయన విడువలేదు. పుల్లెల గోపీచంద్ గారి సంస్థయు తోడ్పడెను.

వికలాంగుల పోటీలలో బుద్ధివికాస లోపము గలవారికి ప్రత్యేకమైన తరగతి యున్నది. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా పోటీలలో దీప్తి స్వర్ణపతకము గెలిచెను. ఆ బహుమానధనముతో అమ్మిన భూమి మరల ఆ యింటికి వచ్చెను. 2024 మే నెలలో జపానులోని కోబేలో 55.07 సెకండ్లలో చుట్టు ముగించి, అప్పటివఱకు నున్న 55.12 సెకండ్ల ప్రపంచ రికార్డును దాటెను. అదే సంవత్సరము సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్కులలో 55.82 సెకండ్లలో పరుగెత్తి కాంస్యము గొనెను. బుద్ధివికాస లోపము గలవారిలో పారాలింపిక్ పతకము నందిన మొదటి భారతీయురాలు ఆమెయే. 2024 సంవత్సరపు అర్జున పురస్కారమును, 2025లో న్యూఢిల్లీ ప్రపంచ పోటీలలో రజతపతకమును ఆమె పొందెను.

మదనపల్లె దరి రామసముద్రమువంటి పల్లెలలోను, పట్టణములలోను ఇట్టి బిడ్డ లెందఱో యింటి మూలల గూర్చుండియుందురు. మాటలు ఆలస్యముగా వచ్చు శిశువును దాచిపెట్టుట తల్లికి తగదు. ముందుగా వైద్యునకు జూపవలెను, బడికి బంపవలెను, ఆటలలో దింపవలెను. అందఱును పతకములు దేలేకపోవచ్చును. కాని తన కాళ్లలో ఎంత బలమున్నదో తెలిసికొను అవకాశము ప్రతి బిడ్డకు నుండవలెను.

ఇరుగుపొరుగు నవ్విననాడు ధనలక్ష్మి బిడ్డను విడిచియుండిన, కోబేలో ఆ పరుగు ఎవరును చూచియుండరు గదా!