పాత సైకిలుకు కొత్త నడక

వాయిదాల మీద మోటారు సైకిలు కొని, నెల తిరిగేసరికి పెట్రోలుకూ వాయిదాకూ తడుముకొనే కుటుంబాలు మన పల్లెల్లో తక్కువేమీ కాదు. అలాంటి ఇళ్లలోనే చూరు కింద ఒక నల్ల సైకిలు తుప్పు పడుతూ కనిపిస్తుంది. "తొక్కితే మోకాళ్లు పట్టేస్తున్నాయండీ" అంటారు. చాలాసార్లు తప్పు మోకాళ్లది కాదు, సీటుది. పనికో కాలేజీకో రానూపోనూ పదిహేను, ఇరవై కిలోమీటర్లు వెళ్లేవారు అప్పు చేసే ముందు ఈ పాత సైకిలును ఒంటికి తగినట్టు సరిచేయించి చూడండి.

ఆగినప్పుడు రెండు పాదాలూ నేలకు ఆనాలని మనవాళ్లు సీటును బాగా దించుకొంటారు. అందువల్ల తొక్కేటప్పుడు కాలు చాచుకోవడానికి వీలుండదు; భారమంతా మోకాలి మీద పడుతుంది. పెడలు అడుగుకు వచ్చినప్పుడు దానిపై మడమ ఆనిస్తే కాలు నిటారుగా ఉండాలి. ఆ ఎత్తులో బిగించుకొని, ముందు పాదంతో తొక్కాలి. ఒక్క స్పానరు చాలు, పైసా ఖర్చు లేదు.

ఇక ఫ్రీవీలు. ముందు 44 పళ్లు, వెనుక 18 పళ్లు, 28 అంగుళాల చక్రం ఉన్న సైకిలు పెడలు ఒక చుట్టు తిరిగితే సుమారు ఐదున్నర మీటర్లు పోతుంది. చదును రోడ్డు మీద ఖాళీగా పోయేవారికి బాగానే ఉంటుంది. క్యారియరు మీద బస్తా ఉన్నా, ఎదురుగాలి కొట్టినా అదే మోయలేని బరువు. వెనుక 22 పళ్లది వేయిస్తే అదే చుట్టుకు నాలుగున్నర మీటర్లే పోతుంది గాని, తొక్కే బలం దాదాపు అయిదో వంతు తగ్గుతుంది. చైనుకు ఒక లింకు కలపవలసి రావచ్చు. వేగం పోతుందని కుర్రవాళ్లు ఒప్పుకోరు. ఊరు చేరేసరికి ఎవరు అలసిపోయారో చూస్తే వారికే తెలుస్తుంది. చవకరకం గేర్ల సైకిలు మోజు నాకైతే లేదు. దుమ్ముకూ బురదకూ అది మాటిమాటికీ మొరాయిస్తుంది, సర్దేవాడు పల్లెలో దొరకడు.

బ్రేకుల విషయంలో ఒక జాగ్రత్త. రాడ్డు బ్రేకు రబ్బర్లు రిమ్మును లోపలి వైపు నుంచి పట్టుకొంటాయి; కేబులు బ్రేకులు పక్కల నుంచి పట్టుకొంటాయి. రిమ్ము మార్చకుండా కేబులు బ్రేకులు పెట్టిస్తే అవి సరిగా పట్టవు. ఏ బ్రేకైనా సరే, వానలో తడిసిన ఇనుప రిమ్ము మీద జారుతుంది. కనుక ముందే కొద్దికొద్దిగా నొక్కి తడి తుడుచుకుపోనివ్వాలి. అరిగిన రబ్బర్లు వానాకాలానికి ముందే మార్పించండి.

ఏడాదికొకసారి "ఓవరాయిలింగు" చేయించాలి. అసలు మాట ఓవర్‌హాలింగు అయినా మనవాళ్లు పెట్టిన పేరే ముచ్చటగా ఉంది! అయితే హబ్బుల్లో బాల్సుకు కావలసింది గ్రీజు, ఆయిలు చైనుకు. గాలి నిలవకపోతే ట్యూబును తిట్టే ముందు వాల్వు రబ్బరు చూడండి. ఎండకు చీలిపోయేది ముందు అదే.

సామాను హ్యాండిలుకు తగిలించకండి, మలుపులో సైకిలును అదే లాగేస్తుంది. యూరియా సంచులు రెండు కడిగి, ఎద్దు మీద వేసే కంట్లంలా కుట్టించి క్యారియరుకు ఇరువైపులా వేస్తే బరువు కిందికి దిగి సైకిలు నిలకడగా పోతుంది.

ఇలా సరిచేసిన సైకిలు దూరప్రయాణానికి కూడా పనికివస్తుంది. ఫ్రాన్సులో పుట్టిన బ్రెవే సవారీలు ఇప్పుడు హైదరాబాదులోనూ జరుగుతున్నాయి. వాటిలో 200 కిలోమీటర్లకు ఇచ్చే గడువు పదమూడున్నర గంటలు. ఆగే సమయంతో కలిపి గంటకు పదిహేను కిలోమీటర్లు కూడా కాదు. ఒకేసారి అంత దూరానికి పూనుకోనక్కరలేదు. ముందు ముప్ఫై, తరువాత యాభై. దాహం వేయకముందే నీళ్లు తాగాలి, ఆకలి వేయకముందే తినాలి. ఒక పంపు, ప్యాచీలు, సొల్యూషన్, స్పానరు వెంట ఉంచుకోవాలి.

చీకటి పడ్డాక ఎర్రదీపం లేకుండా హైవే ఎక్కవద్దు. వెనుక నుంచి వచ్చే లారీ డ్రైవరుకు నల్ల సైకిలు, నల్ల చొక్కా దగ్గరికి వచ్చేదాకా కనిపించవు. బ్యాటరీతో వెలిగే చిన్న దీపం సీటు కింద బిగించి, వెనుక మడ్గార్డు చివర జానెడు మేర తెల్లరంగు వేయించండి. పెడళ్లకు మెరిసే పట్టీలు అంటిస్తే, పైకీ కిందికీ కదులుతూ వెలుగుతాయి గనుక, మనిషి వెళ్తున్నాడని దూరం నుంచే తెలుస్తుంది.