‘అలా జరిగి ఉంటే?’ అని అడగండి.. చరిత్ర పట్టుబడుతుంది!

బందరులో పరాసుపేట మీదుగా రోజూ కాలేజీకి వెళ్లేవారిలో ఆ పేరు ఎలా వచ్చిందో ఎంతమందికి తెలుసు? పరాసులంటే ఫ్రెంచివారు. వలందపాలెం డచ్చివారి గుర్తు. ఇంగ్లీషుపాలెం సంగతి పేరే చెబుతుంది.

గుడివాడలో సివిల్స్‌కి చదువుతున్నా, అవనిగడ్డలో డీఎస్సీ కోచింగ్‌లో ఉన్నా ఫ్రెంచి విప్లవం వదలని పాఠం. 1789, బాస్టిల్, రోబెస్పియర్.. అన్నీ నోటికొస్తాయి. ‘ఎందుకలా జరిగింది?’ అనగానే పెన్ను ఆగిపోతుంది. కారణాలు పట్టుకోవడానికి ఓ మంచి సాధన ఉంది. జరిగినదాంట్లో ఒక్కటి మార్చి, తర్వాత ఏమయ్యేదో ఆలోచించడమే.

1793నే తీసుకుందాం
రాజు తల తెగేనాటికే విప్లవకారులు రెండు పక్షాలయ్యారు. పారిస్ పెత్తనం వద్దన్నది జిరోండిన్లు. పారిస్ జనం అండ ఉన్నది రోబెస్పియర్ వర్గానికి. జూన్ 2న సాయుధ జనం చట్టసభను చుట్టుముట్టడంతో జిరోండిన్ నాయకులను నిర్బంధించారు. లియాన్, మార్సెయ్, బోర్డో నగరాలు తిరగబడ్డాయి. పశ్చిమాన వాందే రైతులు అప్పటికే రాజు పక్షాన పోరాడుతున్నారు. ఆగస్టులో టూలాన్ రేవు బ్రిటిష్ నౌకాదళం చేతికి చిక్కింది.

ఇప్పుడు ప్రశ్న: ఈ తిరుగుబాట్లన్నీ ఏకమై ఉంటే? అంతర్యుద్ధం మరిన్నాళ్లు సాగేదే. మరి ఎందుకు ఏకం కాలేదు? ఇక్కడే అసలు జవాబు దొరుకుతుంది. రాజును దించినవారికీ, రాజు కోసం పోరాడేవారికీ పొత్తు కుదరదు. లియాన్ వైపు కదిలిన మార్సెయ్ దళాలను ప్రభుత్వ సైన్యం దారిలోనే అడ్డుకుంది. సైన్యం, యంత్రాంగం చాలావరకు పారిస్ చేతిలోనే ఉన్నాయి. చూశారా, ఊహతో మొదలుపెడితే మూడు కారణాలు చేతికొచ్చాయి!

మన బందరు మారేదా?
జిరోండిన్లు గెలిచి ఉంటే బందరు మళ్లీ ఫ్రెంచివారిది అయ్యేదా? కాదనే చెప్పాలి. 1793 ఆగస్టులో పుదుచ్చేరినే ఆంగ్లేయులు పట్టుకున్నారు. బందరు కథ అంతకు 34 ఏళ్ల ముందే ముగిసింది. 1759 ఏప్రిల్‌లో కల్నల్ ఫోర్డ్ రాత్రివేళ దాడిచేసి కోటను పట్టాడు. లొంగిపోయినవారి సంఖ్య దాడి చేసినవారికంటే ఎక్కువ! తర్వాత నిజాం సలాబత్ జంగ్ బందరు ప్రాంతాన్ని ఆంగ్లేయులకు రాసిచ్చాడు. ఫ్రెంచివారికి చివరికి మిగిలింది చిన్న స్థావరమే. అదీ 1947లో భారత్‌లో కలిసింది. అంటే పారిస్‌లో ఎవరు గెలిచినా ఇక్కడ మారేది లేదు. ఏది మారదో చెప్పగలగడం కూడా జవాబులో భాగమే.

ఇలా సాధన చేయండి
* ఒక్క సంఘటననే మార్చండి. నాలుగు మారిస్తే అది సినిమా కథవుతుంది.
* ఆనాటివారికి నిజంగా వీలైన దారినే ఊహించండి.
* ప్రతి ‘ఉంటే’కి ఒక వాస్తవాన్ని ఆధారంగా చూపండి.
* ఏం మారేది, ఏం మారేది కాదు.. రెండూ రాయండి.

సివిల్స్ మెయిన్స్ జనరల్ స్టడీస్ మొదటి పేపర్లో ప్రపంచ చరిత్ర ఉంది. 15 మార్కుల ప్రశ్నకు 250 పదాలే. అక్కడ ఊహలు రాయకండి. ఊహతో తేల్చుకున్న కారణాలను ప్రాధాన్య క్రమంలో పెట్టండి. రేపు టీచరైతే ఇదే ప్రశ్న తరగతిలో వేయండి. వెనక బెంచీ కూడా నోరు విప్పుతుంది.

ఈ వారం అభ్యాసం: ఫోర్డ్ కోట పట్టిన కొద్దిరోజులకే ఫ్రెంచి నౌకలు సైనికులతో బందరు తీరానికి వచ్చాయి. అవి ముందే వచ్చి ఉంటే? దివిసీమ నుంచి గుడివాడ దాకా ఈ డెల్టా ఎవరి ఏలుబడిలోకి వెళ్లేది? 250 పదాల్లో రాసి చూడండి.