నకాషీ శిల్పి వ్యుత్పత్తి : చేర్యాల పటములపై ఒక పరిశీలనము

కావ్యహేతువులను నిర్దేశించుచు మమ్మటుడు శక్తి, నిపుణత, అభ్యాసము అను మూడింటిని పేర్కొనెను. అందు నిపుణత లోకమును, శాస్త్రములను, పూర్వకావ్యములను పరిశీలించుటచే కలుగునది. దీనినే వ్యుత్పత్తి యనియు వ్యవహరింతురు. కవి విషయమున ఈ సూత్రమును మన విమర్శకులు విరివిగా అన్వయించిరి. కవి యేయే గ్రంథములను చదివెనో, ఎవరి మార్గమును అనుసరించెనో తెలిసికొనుటకు మనము ఎంతయో శ్రమించుచున్నాము. కాని కుంచె పట్టిన చేతిపనివాని విషయమున ఆ ప్రశ్న తరచుగా వేయబడుట లేదు. అతని నేర్పు కులవృత్తి యనియు, తండ్రి నుండి కుమారునకు సంక్రమించిన హస్తలాఘవ మనియు చెప్పి ఊరకుందుము. ఇది అభ్యాసమును మాత్రమే చెప్పుట యగును. అతని నిపుణతకు ఆధారమైన గ్రంథమేది? అతడు వినిన గానమేది? అతని కంటిని తీర్చిన చిత్రమేది? ఓరుగంటి సీమకు చెందిన చేర్యాల నకాషీలను దృష్టాంతముగా గ్రహించి ఈ ప్రశ్నలను ఇచ్చట పరిశీలింపదలచితిమి.

చేర్యాల 2016 వరకు వరంగల్లు జిల్లాలోనిది. పిదప సిద్దిపేట జిల్లాలో చేరినది. ఈ సీమలో చిత్రకళకు గల ప్రాచీనతను సాహిత్యమే చాటుచున్నది. వినుకొండ వల్లభరాయని పేర నున్న క్రీడాభిరామము ఓరుగంటి వీధులను వర్ణించు గ్రంథము. అందు మాచల్దేవి చిత్రశాల ప్రసక్తి కలదు. పల్నాటి వీరుల చిత్రములును, ఆ వీరగాథను గానము చేయు స్త్రీయు అందు కనిపింతురు. ఏకామ్రనాథుని ప్రతాపరుద్ర చరిత్రము ఓరుగంటిలో చిత్రకారుల యిండ్లు 1500 అని లెక్క చెప్పుచున్నది. సంఖ్యలో అతిశయోక్తి యుండవచ్చును. ఆ చిత్రకారుల సంతతియే నేటి నకాషీలని చెప్పుటకు ఈ ఆధారములు చాలవు. అయినను చిత్రమును, వీరగాథాగానమును ఒకచోట చూచుట ఈ సీమవారికి క్రొత్త గాదని మాత్రము వీనివలన స్పష్టమగుచున్నది.

‘నకాషీ’ యనునది పారసీక పదమైన ‘నఖ్ఖాష్’ నుండి వచ్చినది, చిత్రకారుడని యర్థము. వారు పటమును సిద్ధము చేయు విధానము సంగ్రహముగా నిట్లున్నది. ముతక నూలుబట్టకు గంజి, సుద్దమన్ను, ఉడికించిన చింతగింజల అంబలి, జిగురు కలిపిన పూతను పలుమారులు పట్టించి ఆరవేయుదురు. పిమ్మట ఉడుత వెండ్రుకల కుంచెతో రేఖలను తిన్నగా బట్టపైననే వ్రాయుదురు. వెనుకతలమంతయు ఎరుపు. దేవతలకు నీలము, పసుపు. రాక్షసులకు ముదురు వన్నెలు. మూడడుగుల వెడల్పుతో ముప్పది నలువది అడుగుల వరకును సాగు పటములు కలవు. కథాఘట్టములు అడ్డుగళ్లుగా ఒకదాని క్రింద నొకటి వచ్చును. గడికి గడికి నడుమ పూలపట్టీ యుండును.

ఇక గ్రంథ విషయము. నకాషీకి గ్రంథములు కులపురాణములు. పద్మశాలీలకు మార్కండేయ పురాణమును కూనపులివారు, గౌడులకు గౌడపురాణమును గౌడజెట్టీలు, మాదిగలకు జాంబపురాణమును డక్కలివారు, రజకులకు మడేలు పురాణమును పటమువారు, ముదిరాజులకు పాండవుల కథను కాకిపడగలవారు, నాయీబ్రాహ్మణులకు వారి పురాణమును అద్దమువారు చెప్పుదురు. గొల్లలకు కాటమరాజు కథను చెప్పు మందహెచ్చులవారు పటమునకు మారుగా బొమ్మలను నిలుపుదురు. ఆ బొమ్మలును నకాషీలు చేసినవే. ఇందు ప్రతి పురాణము తన కులమునే సృష్టికథలో ముందు నిలుపును. భావనాఋషి దేవతలకు వస్త్రములు నేసెనని యొక కథ చెప్పగా, జాంబవుడు అందరికంటెను ముందు పుట్టెనని మరియొక కథ చెప్పును. ఇవి పరస్పరము పొసగవు. అయినను ఇన్ని పురాణములకును రూపము నిచ్చిన చేయి ఒక్కటియే. తన కులమునకు చెందని కథలను, ఆయా కులముల గౌరవమునకు లోపము రాకుండ వ్రాయవలసిన బాధ్యత నకాషీది. ఒక్కొక్క కులము తన కథ నొక్కదానినే యెరుగును. నకాషీ యిల్లు అన్ని కథలును చేరిన భాండాగారము. అతని వ్యుత్పత్తి యొక్క విస్తృతి దీనివలన తెలియగలదు.

ఈ గ్రంథములు అతనికి చాలవరకు చెవి ద్వారముననే అందినవి. కథకుడు తన పటములో ఉండవలసిన ఘట్టములను, వాని వరుసను నకాషీకి తెలుపును. గానములో విస్తరించు ఘట్టమునకు పటముపై ఎక్కువ చోటు వలయును. ఒక్క మాటతో దాటిపోవు ఘట్టమునకు చిన్న గడి చాలును. కావున పటములోని గళ్ల పరిమాణము కథాగానపు నడకకు అద్దము పట్టుచున్నది. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రములతో పోల్చిన ఈ విషయము మరింత విశదమగును. ఆ వస్త్రములపై చిత్రముల క్రింద తెనుగున కథను వ్రాయుదురు. చదువ నేర్చినవాడు కథకుడు లేకున్నను వానిని గ్రహింపగలడు. చేర్యాల పటమున సాధారణముగా అట్టి వ్రాత లుండవు. కథకుడు కర్రతో చూపుచు పాడినపుడే చిత్రము పలుకును. పటములో అక్షరమునకు బదులు స్వరము నిలిచినది.

మూడవది చిత్ర సంస్కారము. ప్రతి పటము విఘ్నేశ్వరునితో, సరస్వతితో మొదలగును. కావ్యమునకు ఇష్టదేవతాస్తుతి యెట్లో పటమునకు ఇవి యట్లు. తరువాతి గళ్లలో దేవతలు సైతము తెలంగాణపు పల్లెవారివలె కట్టుబొట్టులతో నుందురు. మగ్గము, తాటిచెట్టు, చాకిరేవు మొదలగునవి పురాణములోనికి ప్రవేశించును. మమ్మటుడు చెప్పిన లోకపరిశీలన మనగా నిదియే.

పటము జీర్ణించినపుడు దానిని నీట కలిపి, క్రొత్తది వ్రాయించుకొనుట కథకుల ఆచారము. ఇందుచే ప్రాచీన పటములు అరుదుగా మిగిలినవి. తాళపత్రము చిరిగిన ప్రతి వ్రాసికొనినట్లు, ఇచ్చటను ప్రతియే సంప్రదాయమును నిలిపినది. ఆ ప్రతికి మాతృక కథకుని కంఠమును, నకాషీ జ్ఞాపకమును.

ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున చలనచిత్రము, దూరదర్శనము పల్లెలలో వ్యాపించినకొలది కథకులకు సంభావనలు తగ్గినవి. పటము వ్రాయించువారును తగ్గిరి. నకాషీలు గోడకు తగిలించు చిన్న చిత్రములను, ముఖములను, బొమ్మలను చేసి జీవించుచున్నారు. చేర్యాల చిత్రములకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఇది సంతోషింపదగినదే, శిల్పి జీవించిననే గాని శిల్పము నిలువదు. కాని బతుకమ్మ యాటయో, కల్లుగీతయో చూపు ఒంటి చిత్రమునకు కథకుని గానముతో పని లేదు. రేఖయు, వన్నెయు అట్లే యుండవచ్చును. వానికి వెనుకనున్న వినికిడి మాత్రము తరతరమునకు సన్నగిలును. అపుడు అభ్యాసము మిగులును, వ్యుత్పత్తి తొలగును.

కావున ఈ రంగమున పనిచేయు పరిశోధక విద్యార్థులకు మేము చేయు సూచన యొకటి. పటమును కళాశాఖవారికిని, కథను సాహిత్యశాఖవారికిని, గానమును సంగీతశాఖవారికిని పంచి యిచ్చుట తగదు. కథకుడు పాడుచుండగా, పటము విప్పియుండగా, నకాషీ ప్రక్కన నుండగా, మూడింటిని ఒక్కసారిగా సేకరింపవలయును. ఏ గడి చెంత కథకుడు ఎంతసేపు నిలిచెనో, ఏది పాడెనో, ఏది వచనముగా చెప్పెనో గుర్తింపవలయును. కులపురాణముల పాఠనిర్ణయమునకు వ్రాతప్రతులతో పాటు పటములును సాక్ష్యములే. ఆ సాక్ష్యమును చదువ నేర్పగల వృద్ధ కథకులు, నకాషీలు ఉండగనే ఈ పనికి పూనుకొనుట మన కర్తవ్యము.