వెల్డింగ్ మిషన్‌ని డీబగ్ చేద్దామా?

లాల్‌దర్వాజలో మా ఇంటి గేటు గొళ్ళెం ఊడిపోయింది. డాడీ ఇంట్లో ఉన్న చిన్న ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్ బయటికి తీశారు. లైటు వెలుగుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది, కానీ రాడ్ మాటిమాటికీ అతుక్కుపోతోంది. "ఇది పోయింది, కొత్తది కొందాం" అన్నారు. సెమిస్టర్ ఫీజు కట్టాల్సిన నెల అది! "ఒక్కరోజు ఆగు డాడీ" అన్నాను.

కోడ్‌లో బగ్ వస్తే ల్యాప్‌టాప్ పారేయం కదా. ఇక్కడా అంతే, బయటి నుంచి లోపలికి వెతకాలి.

ముందు ఎర్త్ క్లాంప్. రంగు, తుప్పు మీద పెడితే కరెంటు సరిగా పోదు. గీకి పెట్టాం, తేడా లేదు. తర్వాత రాడ్. చెమ్మ పడితే ఆర్క్ నిలవదు. కొత్త ప్యాకెట్ విప్పినా అదే కథ.

మూడోది ఎక్స్‌టెన్షన్ వైరు. 30 మీటర్లు, 0.75 స్క్వేర్ ఎంఎం. 80 ఆంపియర్ల వెల్డింగ్‌కి మిషన్ మెయిన్స్ నుంచి సుమారు 13 ఆంపియర్లు లాగుతుంది. రానూపోనూ 60 మీటర్ల సన్న రాగితీగ రెసిస్టెన్స్ దాదాపు 1.4 ఓమ్‌లు. అంటే 18 వోల్టులు దారిలోనే మాయం! వైరు వేడెక్కడం ఇంకా ప్రమాదం. 2.5 స్క్వేర్ ఎంఎం పొట్టి వైరు తెచ్చి 16 ఆంపియర్ల సాకెట్‌కి పెట్టాం. ఆర్క్ వెంటనే వచ్చింది.

ఇవన్నీ చూసినా రాకపోతే లోపల ఐజీబీటీనో డయోడో పోయి ఉండొచ్చు. మూత మాత్రం మీరు విప్పొద్దు. ప్లగ్ తీసేసినా కెపాసిటర్లలో 300 వోల్టులు మిగిలి ఉండొచ్చు. మెకానిక్‌ని రేటు అడగండి. కొత్తదాని ధరలో సగం దాటితే కొత్తదే కొనండి. పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషన్ అయితే తొందరపడి అమ్మకండి, అందులో పాడయ్యే పార్టులు తక్కువ.

మా ఖర్చు వైరుతోనే తీరిపోయింది. గేటు పడుతోంది, ఫీజూ కట్టేశాం.