సంపాదకీయ పేజీలో సమ్మె

మనలో చాలామంది అమ్మానాన్నలు రైల్వేలోనో, బ్యాంకులోనో పనిచేస్తున్నారు. వాళ్లు సమ్మె చేస్తే ఏం జరిగిందో మొదటి పేజీ చెబుతుంది. అది సబబా కాదా అన్నది సంపాదకీయ పేజీలో వ్యాసకర్త రాస్తాడు.

1974 మే 8న మొదలైన రైల్వే సమ్మెనే తీసుకోండి. స్టేషన్లో చిక్కుకున్న ప్రయాణికుడితో వ్యాసం మొదలైతే కార్మికుడు దోషిలా కనిపిస్తాడు. ఇంజను డ్రైవరు ఎన్ని గంటలు డ్యూటీ చేస్తాడో చెబుతూ మొదలైతే అదే సమ్మె న్యాయమనిపిస్తుంది. రెండూ నిజాలే! మాటలూ అంతే: ఒకరు 'పట్టుదల' అన్నదాన్ని మరొకరు 'మొండితనం' అంటారు.

నేను మాత్రం ముందుగా కార్మికుల కోరికలేమిటో వ్యాసంలో ఉన్నాయా అని వెతుకుతాను. ఆనాడు వాళ్లు అడిగినవాటిలో ఎనిమిది గంటల పని, బోనస్ ఉన్నాయి. అవి చెప్పకుండా నష్టాల లెక్కలే రాస్తే పాఠకుడికి సగమే తెలుస్తుంది.

మే 27న సమ్మె విరమించారు. బోనస్ 1979-80 నుంచి వచ్చింది.