పదహారు బంట్లు

మన హాస్టల్లో చదివిన అక్కలందరికీ ఆ చదరంగం పెట్టె గుర్తుండే ఉంటుంది. నేను ఎనిమిదో తరగతిలో చేరేనాటికే అందులో బంట్లు పదకొండే మిగిలాయి. తెల్ల బంటు తక్కువైతే సుద్దముక్క, నల్ల బంటు తక్కువైతే చింతగింజ. ఆ చింతగింజ పక్క గడిలోకి దొర్లిపోయి ఎన్ని ఆటలు గొడవల్లో ముగిశాయో లెక్కలేదు. మన గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2019లో ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అయిందని జీకే నోట్సులో రాసుకున్నది కూడా ఆ పెట్టె పక్కన కూర్చునే. 2024లో ఆమె మళ్ళీ గెలిచేనాటికి నేను కాలేజీలో ఉన్నాను. నిరుడు వార్షికోత్సవానికి వచ్చి చూస్తే పెట్టె అదే, చింతగింజలూ అవే.

కొత్త సెట్టు కొనిస్తే సరిపోయేది కదా అంటారేమో. సరిపోయేదే. కానీ మా నాన్న విజయవాడ ఆటోనగర్లో టర్నర్. ఏడో తరగతితో చదువు ఆపి, ఉయ్యూరు దగ్గర మా ఊరి నుంచి వచ్చి, ముప్పై ఏళ్ళుగా లేత్ ముందు నిలబడి ఉన్నారు. బుష్‌లు, పిన్నులు, షాఫ్టులు ఆయన పని. నేను ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ. మా ఇంట్లో డిగ్రీ అందుకున్న మొదటి మనిషిని. ఆయన పని ఏమిటో నాకు తెలుసనుకునేదాన్ని గానీ, ఒక్కసారి కూడా దగ్గర నిలబడి చూడలేదు. "నువ్వు చదువుకున్నది మళ్ళీ ఈ మిషను దగ్గరకి రావడానికా?" అని మొదట ఒప్పుకోలేదు. హాస్టల్ పిల్లల కోసం అన్నాక మెత్తబడ్డారు. యజమానిని అడిగి, షెడ్డు మూలనున్న పాత లేత్ మీద ఆదివారాలు పనిచేసుకోవడానికి అనుమతి తెచ్చారు.

లేత్ చూడని చెల్లెళ్ళ కోసం రెండు మాటలు. కుమ్మరి సారెను పక్కకి పడుకోబెట్టినట్టు ఊహించుకోండి. చక్ అనే ఉక్కు పిడికిలి వస్తువును పట్టుకుని తిప్పుతుంది. పదునైన బిట్ కదలకుండా నిలబడి దాన్ని చెక్కుతుంది. తిరిగే వస్తువును టర్నర్లు 'జాబ్' అంటారు. గుండ్రంగా ఉన్నది ఏదైనా ఇందులో వస్తుంది, గుండ్రం కానిది రాదు. ఇవాళ పోటీల్లో వాడే చదరంగం పావుల నమూనా 1849లో ఇంగ్లండులో వచ్చింది. దాని పేరు స్టాంటన్. అందులో బంటు మొత్తం లేత్ మీదే తయారవుతుంది. గుర్రం తలను మాత్రం చేత్తో చెక్కవలసిందే.

నల్ల బంట్లకు బలపపు రాయి, తెల్లవాటికి అక్రిలిక్ అనుకున్నాం. అక్రిలిక్ అంటే నేమ్‌బోర్డుల దుకాణాల్లో కనిపించే, గాజులా ఉండే ప్లాస్టిక్. రాయి విగ్రహాలు చెక్కేవాళ్ళ దగ్గర మిగిలిన ముక్కలు, అక్రిలిక్ 30 మి.మీ. కడ్డీ.

రాతిని తిప్పడం కొత్త విద్యేమీ కాదు. గాంధారం వైపు స్తూపాల్లో దొరికిన బలపపు రాతి భరిణెలు రెండు వేల ఏళ్ళ కిందట తిప్పి చేసినవి. బేలూరు గుడి స్తంభాలు 1117 తర్వాతివి, అవీ మెత్తని రాయే, వాటి వలయాలు తిప్పినవే. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో (1163) నల్లరాతి స్తంభాల నునుపు చూసినవాళ్ళు కూడా అదే మాట అంటారు. ఏనుగంత స్తంభాన్ని తిప్పినవాళ్ళ ముందు మా బంటు ఎంత!

అయినా ఆ బంటే మమ్మల్ని ఏడిపించింది.

బలపపు రాయిని గుర్తుపట్టడం తేలిక, గోరు దిగుతుంది. గట్టిదనానికి ఒకటి నుంచి పది వరకు ఉండే మోస్ కొలతలో టాల్క్ అనే ఖనిజానిది ఒకటో అంకె, గోరుది రెండున్నర. బలపపు రాయిలో ఎక్కువ భాగం ఆ టాల్కే. అమరావతి శిల్పాలు చెక్కిన పల్నాటి సున్నపురాయిలో ఉండే కాల్సైట్‌ది మూడు. అంకెల్లో తేడా చిన్నదే గానీ బిట్‌కు అది చాలా ఎక్కువ. మామూలు హైస్పీడ్ బిట్ బలపపు రాయి మీద చాలాసేపు నిలుస్తుంది, సున్నపురాయి మీద తొందరగా మొద్దుబారుతుంది. అయితే బలపపు రాయి కూడా అంతా ఒకేలా ఉండదు. మధ్యలో మెరిసే గట్టి గింజలు తగులుతాయి. బిట్ 'టక్' మంటుంది, అక్కడ రాయి పెచ్చు లేచిపోతుంది.

మొదటి తప్పు నాన్నదే. ఇనుపకడ్డీని బిగించినట్టు రాతిని చక్‌లో బిగించారు. పట్టు పడ్డచోటే రాయి నలిగి రెండు ముక్కలైంది. ముప్పై ఏళ్ళ చెయ్యి ఎంత బిగించాలో ఇనుముతో నేర్చుకుంది మరి. తర్వాత పద్ధతి మార్చాం. ఒక చెక్కబిళ్ళను చక్‌లో బిగించి, దాని ముఖం చదును చేసి, రాతిని ఆరల్డైట్‌తో అతికించాం. రాతికీ చెక్కకీ మధ్య ఒక న్యూస్‌పేపర్ ముక్క పెట్టాం. అదే కిటుకు. పని అయ్యాక ఆ అతుకు మీద ఉలి పెట్టి ఒక్కటి తడితే కాగితం పొరగా చీలి, బంటు అడుగు పాడవకుండా ఊడి వస్తుంది.

నిమిషానికి మూడు వందల చుట్లు, అంతకు మించి వద్దు. కట్ కొంచెం కొంచెంగా ఇవ్వాలి. రాయి నొక్కుడును ఓర్చుకుంటుంది గానీ వంపును, లాగుడును ఓర్చుకోదు. మొదటి అయిదు రాతిబంట్లలో మూడు మెడ దగ్గరే విరిగాయి. అందుకే అక్రిలిక్ బంటు మెడ 10 మి.మీ. ఉంటే రాతిబంటుకి 13 ఉంచాం. మీరు పక్కపక్కన పెట్టి చూస్తే నల్లవాళ్ళు కాస్త మెడ బలిసినట్టు కనిపిస్తారు. కారణం ఇదీ.

రాతిపొడి గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. మన చిన్నప్పటి పలక మార్కాపురం నుంచి వచ్చి ఉండవచ్చు. మధ్యప్రదేశ్‌లో మంద్‌సౌర్ అనే ఊరు పలకల మీద రాసే పుల్లలకు పేరుపడింది. ఆ పుల్లలు కోసే పనివాళ్ళు రాతిపొడి పీల్చి సిలికోసిస్ జబ్బుతో చిన్న వయసులోనే పోయారు. ఊపిరితిత్తుల్లో చేరిన సన్నని సిలికా పొడి బయటికి రాదు, మచ్చలు కట్టిన ఊపిరితిత్తి తిరిగి మామూలుగా కాదు. బలపపు రాయి మెత్తనిది కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. దాని తో పాటు సిలికా ఉండొచ్చు, కొన్ని రకాల్లో ఆస్బెస్టాస్ జాతి నారలూ ఉంటాయి. నాన్న మామూలుగా మూతికి చేతిరుమాలు కట్టుకుని పని మొదలుపెట్టారు. రుమాలు పెద్ద పొడిని ఆపుతుంది, ప్రాణం తీసే సన్నపొడిని ఆపదు. కరోనా నాటి ఎన్ 95 మాస్కులు ఇంట్లో మిగిలుంటే తెచ్చాను. సెలైన్ సీసాలాగా పైన ఒక సీసా వేలాడదీసి, బిట్ మీద నీళ్ళు చుక్కలుగా పడేట్టు చేశాం. పొడి గాలిలోకి లేవకుండా బురదై కిందకి జారింది. ఆ బురద లేత్ పట్టాల మీద నూనెతో కలిస్తే సానపట్టే ముద్దలా పనిచేసి పట్టాలను అరగదీస్తుంది. యజమాని భయం అదే. పట్టాల మీద ప్లాస్టిక్ షీటు కప్పి, సాయంత్రం నేనే తుడిచి నూనె రాశాను. నాన్నకి దగ్గు ఉంది. అది దేనివల్లో నేను రాయను గానీ, ఇనుము మీద ఎమరీ పట్టే రోజుల్లో కూడా ఇప్పుడు మాస్కు పెట్టుకుంటున్నారు.

ఇక అక్రిలిక్. కడ్డీ బిగించగానే నాన్న ఇత్తడికి వాడే బిట్ తీశారు. స్టీలుకి వాడే బిట్‌కి పైముఖం వాలుగా ఉంటుంది, అది జాబ్‌లోకి దూసుకుపోతుంది. ఇత్తడి బిట్ పైముఖం చదును, అది తవ్వదు, గీరుతుంది. అక్రిలిక్‌కీ సరిగ్గా అదే కావాలి. "నీకెలా తెలుసు నాన్నా?" అంటే, "పెళుసు వస్తువని మోగించి చూస్తే తెలీడంలా?" అన్నారు.

నిమిషానికి ఆరేడు వందల చుట్లు పెట్టాం. పొడవాటి తెల్లని రిబ్బను చుట్టలు చుట్టలుగా వచ్చింది. అలా వస్తే అంతా సవ్యమన్నమాట. నేను హేండిల్ తీసుకున్నాను. తొందరగా అయిపోవాలని వేగం పెంచాను. రిబ్బను ఆగిపోయి ముద్దలు ముద్దలుగా బిట్‌కి అతుక్కుంది, ఘాటైన తియ్యని వాసన వచ్చింది. పళ్ళ డాక్టరు దగ్గర వచ్చే వాసన. పెట్టుడు పళ్ళ చిగురు భాగం చేసేదీ ఈ పదార్థంతోనే. "వాసన వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైంది" అన్నారు నాన్న.

ఇక్కడ నా ఎమ్మెస్సీ పనికొచ్చింది. రాపిడికి పుట్టిన వేడి ఎటో ఒకటు పోవాలి. స్టీలులో అది లోపలికి పాకిపోతుంది. అక్రిలిక్ ఉష్ణవాహకత స్టీలుకన్నా రెండు వందల రెట్లకు పైగా తక్కువ. వేడంతా బిట్ మొన దగ్గరే పోగుపడుతుంది. నూట అయిదు డిగ్రీల దరిదాపుల్లోనే అక్రిలిక్ మెత్తబడుతుంది, అంటే నీళ్ళు మరిగే వేడికి కాస్త పైన. ఇదంతా కాగితం మీద వేసి చూపించాను. నాన్న చూసి, "పదును పెట్టు, మెల్లగా తిప్పు, వేడిని రిబ్బనుతో పాటు బయటికి పోనీ. నేనూ అదేగా చెప్పింది" అన్నారు. నిజంగానే ఎక్కువ వేడి మోసుకుపోయేది ఆ రిబ్బనే.

మాకు అడ్డుపడిన ఈ రాపిడి వేడినే నమ్ముకుని బతికే ఊరొకటుంది, అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. అక్కడ అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడికి లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుగు. రంగులు చెట్ల నుంచి, గింజల నుంచి తీసేవే. ఆ సహజరంగులను మళ్ళీ నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అక్కడివాళ్ళు వేడి పుట్టాలని కడ్డీ అదుముతారు, మేం పుట్టకూడదని బిట్ పదును పెట్టుకున్నాం.

నా రెండో తప్పు ఖరీదైనది. మొదటి మూడు అక్రిలిక్ బంట్లు పూర్తయ్యాక వేలిముద్రలు పోవాలని స్పిరిట్‌తో తుడిచాను. తెల్లారి చూస్తే లోపలంతా సాలెగూడు పగుళ్ళు. చెక్కినప్పుడు అక్రిలిక్ లోపల బిగువు మిగిలిపోతుంది. స్పిరిట్ తగలగానే ఆ బిగువు పగుళ్ళుగా విడిపోతుంది. సబ్బునీళ్ళతో కడిగితే ఏమీ కాదు. ఆ మూడూ మా ఇంట్లో కిటికీలో ఉన్నాయి, ఎండ పడితే అందంగానే ఉంటాయి.

మెరుగుకు దగ్గరదారి లేదు. వాటర్ పేపర్ 220తో మొదలుపెట్టి 400, 600, 800, 1000, 1200 వరకు నీళ్ళతో రుద్దాలి. ఒక నంబరు దాటేస్తే దాని గీతలు చివరి దాకా వెక్కిరిస్తాయి. ఆఖరున మిషను ఆపి, బ్రాసో అద్దిన గుడ్డతో చేత్తో రుద్దాం. రాతికి 600 చాలు, ఆపైన కొబ్బరినూనె. బూడిదరంగు రాయి నూనె తాగి నల్లబడింది.

మిషను ఎందుకు ఆపామో చెప్పాలి. రెండో ఆదివారం నేను ముందుకు వంగినప్పుడు నా చున్నీ కొస తిరిగే చక్‌కి చుట్టుకుంది. ఆ మిషనుకి బ్రేకు లేదు, చక్ మీద కప్పు లేదు. నాన్న ఒక చేత్తో మోటారు స్విచ్ కొట్టి, ఇంకో చేత్తో నా మెడ దగ్గర చున్నీని లాగి చింపేశారు. తర్వాత చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. 2011 ఏప్రిల్లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వర్క్‌షాపులో ఫిజిక్స్ చదివే ఒక అమ్మాయి రాత్రిపూట ఒంటరిగా పనిచేస్తూ, జుట్టు లేత్‌లో చిక్కుకుని చనిపోయింది. అంత పెద్ద విశ్వవిద్యాలయంలో! పాలిటెక్నిక్, ఐటీఐ చేరుతున్న చెల్లెళ్ళు ఇది గట్టిగా పట్టుకోండి. లేత్ దగ్గర చున్నీ వద్దు, గాజులు వద్దు, జడ ముడేసి టోపీ లోపల పెట్టండి. చేతికి గ్లోవ్స్ కూడా వద్దు, బిట్ కన్నా ముందు అవే లాక్కుపోతాయి. తిరిగే జాబ్ మీద గుడ్డ ఆనించవద్దు. పక్కన ఒక మనిషి లేకుండా మిషను వేయవద్దు.

చివరికి ఒక చిక్కు మిగిలింది. రాతిబంటు సుమారు 33 గ్రాములు తూగింది, అక్రిలిక్‌ది 14. నల్లవాళ్ళు బోర్డు మీద కూర్చుంటే తెల్లవాళ్ళు ఫ్యాను గాలికి కదిలేట్టున్నారు. తెల్ల బంటు అడుగున 16 మి.మీ. వెడల్పు, 14 మి.మీ. లోతు రంధ్రం వేసి, ఆ కొలతకే తిప్పిన ఇనుపముక్క అతికించాం. లెక్క సరిపోయింది. కానీ అక్రిలిక్ పారదర్శకం కదా, ప్రతి బంటు కడుపులోనూ ఇనుము కనిపిస్తుంది. దాన్ని దాచడానికి నేను వెల్వెట్ చుట్టబోతే నాన్న వద్దన్నారు. అది ఆయన ముక్క.

ఎనిమిది నల్లవి, ఎనిమిది తెల్లవి, మొత్తం పదహారు బంట్లు ఈ వార్షికోత్సవం రోజున పెట్టెలో పెడుతున్నాం. కొలతలన్నీ నాన్న ఒక అట్టముక్క మీద రాసి దాచారు, కనుక ఒక బంటు పోతే కబురు పెట్టండి, రెండు ఆదివారాల్లో వస్తుంది. గుర్రం పోగొట్టుకుంటే మాత్రం లేత్ పనికిరాదు, కొండపల్లి వెళ్ళి తెల్లపొణికి కర్రతో చెక్కించుకోవలసిందే.